లోపలి అంచు

నాన్న పోయిన పదకొండో రోజున అన్నయ్య ఇంటి బైబిలును పాత తువ్వాలులో చుట్టుకుని చెల్లెలి బైండింగ్ షాపుకు వచ్చాడు. మందుల షాపు నడిపే మనిషి కదా, ఏ వస్తువైనా బల్ల మీద పెట్టే ముందు బల్ల తుడవడం ఆయనకు అలవాటు. ఇక్కడా జేబులోంచి రుమాలు తీసి తుడిచాడు. ఎండీ ఎండని జిగురు రుమాలుకు అంటుకుని సాగింది.

ఆమెను అందరూ బైండరమ్మ అంటారు. ఈ పదకొండు రోజుల్లో బైండరమ్మ ఎవరినీ ఏమీ అనలేదు, ఏడవనూ లేదు. పరామర్శకు వచ్చినవాళ్లు "పాపం, లోపల్లోపలే కుమిలిపోతోంది" అని చెవులు కొరుక్కున్నారు. నిజం చెప్పాలంటే లోపల వెతికినా ఆమెకు ఏమీ తగల్లేదు. చెయ్యి కింద పడేసుకుని నిద్రపోయి లేస్తే ఆ చెయ్యి మనది కానట్టు ఉంటుందే, మనిషి మొత్తం అలా ఉంది. ఆ మాటకొస్తే ఇది పదకొండు రోజుల నాటి తిమ్మిరి కూడా కాదు. చాలా పాతది. ఆ సంగతికి వస్తాను.

"ఆదివారం కూడిక. ఆలోపు అయిపోవాలి," అన్నాడు అన్నయ్య.

"అయిపోతుంది."

"అసలిది ఏనాడైనా సరిగ్గా తెరుచుకుందా చెప్పు. మధ్యలో మోచెయ్యి పెట్టి నొక్కితే గానీ చదవలేం. మళ్లీ కుట్టిద్దాం నాన్నా అని పదిసార్లు చెప్పాను. వింటేగా. మా అమ్మాయి కుట్టిన కుట్టు, దాన్ని విప్పొద్దు అని ఒకటే పాట."

"నేర్చుకునే రోజుల్లో కుట్టాను. చెత్త కుట్టు."

"అదే నేనూ అన్నాను," అన్నాడు అన్నయ్య. తర్వాత కాస్త ఇబ్బందిపడ్డాడు.

ఈ బైబిలు గురించి కొంచెం చెప్పాలి. పాత నిబంధన అయిపోయి కొత్త నిబంధన మొదలయ్యే చోట నాలుగు గీతల కాగితాలున్నాయి, ఇంటివాళ్ల పేర్లు రాసుకోవడానికి. తాత తండ్రి మొదలుపెట్టాడు. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరిని చేసుకున్నారు, ఎవరు ఎప్పుడు పోయారు, అన్నీ ఆ కాగితాల్లోనే. ఇంట్లో ఎవరు పోయినా, తర్వాత జరిగే ప్రార్థన కూడికలో ఇంటి పెద్ద లేచి నిలబడి ఆ పేర్లన్నీ మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాలి. చదివాక, పోయినవాళ్ల తేదీ రాయాలి. నలభై ఏళ్లుగా ఆ పని నాన్నదే. ఇప్పుడు ఆయన తేదీయే రాయాల్సి వచ్చింది కాబట్టి చదివే వంతు అన్నయ్యకు వచ్చింది.

నాన్న బతుకంతా పేర్ల మధ్యనే గడిచింది. జనన మరణాల రిజిస్టరు రాసే గుమాస్తా ఆయన. ముప్పై నాలుగేళ్లు ఊళ్లో పుట్టిన ప్రతివాడూ పోయిన ప్రతివాడూ ఆయన కలం కిందనుంచే పోయారు. ఇంటికొచ్చినా అదే పిచ్చి. మత్తయి సువార్త మొదట్లో వచ్చే యేసు వంశం పేర్ల జాబితాను లోకమంతా గబగబా దాటేస్తుందా, ఆయన దాటనిచ్చేవాడు కాదు. "ఆ పేర్లు తొక్కుకుంటూ లోపలికి వెళ్తే ఎవరింట్లోకో చెప్పులతో దూరినట్టే," అనేవాడు. ఫలానా ఆయన ఫలానా ఆయన్ని కన్నాడు అని పిల్లలిద్దరూ వంతులవారీగా చదువుతుంటే, నాలుగో తరం వచ్చేసరికి అన్నయ్యకు కునుకు పట్టేసేది. "ఇంతమంది మగాళ్లే కనేస్తే మరి వాళ్ల పెళ్లాలేం చేసినట్టు?" అని అమ్మ వంటింట్లోంచి ఒక రాయి విసిరేది.

ఇంటి పేర్లు చదివేటప్పుడు నాన్నకు ఒక అలవాటుండేది. ఎంత పెద్ద కూడికైనా సరే, సరిగ్గా ఒకే చోట ఆగేవాడు. బైండరమ్మ పేరూ ఆమె మొగుడి పేరూ చదివి, పెళ్లి తేదీ చదివి, కళ్లజోడు తీసేవాడు. చొక్కా అంచుతో తీరిగ్గా తుడుచుకుని మళ్లీ పెట్టుకుని తర్వాతి పేరుకు వెళ్లేవాడు. ఏళ్ల తరబడి చూసి చూసి అందరూ దానికి అలవాటుపడిపోయారు. దగ్గులన్నీ అక్కడికి దాచుకునేవారు. వదిన చీర సర్దుకునేది. అన్నయ్య పిల్లలు దానికి ఇంటర్వెల్ అని పేరు పెట్టారు. ముసలాయన ఊపిరి తీసుకుంటున్నాడు కాబోలని అందరూ అనుకునేవారు.

అన్నయ్య సంచిలోంచి ఒక కవరు తీశాడు. అందులో దళసరి కాగితాలు, లేత పసుపు రంగువి, చేత్తో పట్టుకుంటేనే ఖరీదైనవని తెలిసేవి.

"ఆ పాత కాగితాలు తీసి అవతల పారెయ్. అన్నీ మరకలు, కొట్టివేతలు. నేను శుభ్రంగా కంప్యూటర్లో కొట్టించాను. నాలుగు కాగితాల్లో నీట్‌గా సరిపోయింది. ఇవి పెట్టి కుట్టెయ్. పాడైతే ఉంటాయని ఖాళీవి కూడా ఎక్కువే తెచ్చాను."

బైండరమ్మ కాగితాలు తిప్పి చూసింది. వేళ్లు వాటంతటవే కాగితం పోగు ఎటుందో, ఏ వైపు తేలిగ్గా మడత పడుతుందో చూసుకున్నాయి. కళ్లు ఆమె పేరున్న వరసకు వెళ్లాయి. ఆమె పేరు, మొగుడి పేరు, పెళ్లి తేదీ. దాని పక్కన గడిలో అచ్చు అక్షరాల్లో "సంతానం: లేదు" అని ఉంది.

"అన్నీ కరెక్టేగా?" అన్నాడు అన్నయ్య.

"సరే," అంది బైండరమ్మ.

సరే అంటే సరే కాదు. కానీ ఆమెకు వేరే మాట రాలేదు. ఇరవై రెండేళ్ల కిందట ఆమెకొక ఆడపిల్ల పుట్టింది. సాయంత్రం నాలుగు దాటాక పుట్టి, మర్నాడు పొద్దున్నే, ఎండ ఇంకా ముదరకముందే పోయింది. ఆసుపత్రి గదిలో కిటికీ కింద గాజు పెట్టెలో ఉంచారు. ఊపిరితిత్తులు ఎదగలేదన్నారు. పేరు పెట్టే వ్యవధి కూడా లేకపోయింది. మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎంత బరువైనా ఎత్తే మనిషి ఆ చిన్న మూటను రెండు చేతులతో పట్టుకుని వెళ్లి పాతిపెట్టి వచ్చాడు, వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ విషయం వాళ్లిద్దరి మధ్య ఒక్కసారి కూడా రాలేదు. మళ్లీ కడుపూ పండలేదు.

మూడో రోజున నాన్న చూడ్డానికి వస్తే ఆమె ఒకే ఒక్కటి అడిగింది.

"దాన్ని బైబిల్లో రాయి నాన్నా."

నాన్న చాలాసేపు చేతులు నలుపుకున్నాడు. "పేరు పెట్టలేదు కదమ్మా. ఏమని రాయను?" అన్నాడు.

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. అంతే. ఊరందరి పేర్లూ రాసిన చేతికి నా బిడ్డకు ఒక్క గీత ఇవ్వడం బరువైందా అనుకుంది. పైకి మాత్రం అనలేదు. ఆ తర్వాత నాన్నకు ఏ లోటూ చెయ్యలేదు. కంటి ఆపరేషనుకు తనే తీసుకెళ్లింది, చివరి ఏడాది గోళ్లు కూడా తనే తీసింది. కానీ ఎక్కడో ఒక తలుపు గడియ పడిపోయింది. దాన్ని తియ్యాలని ఆమెకూ అనిపించలేదు, తట్టాలని ఆయనకూ తోచలేదు.

ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక ఆమె ఈ షాపులో పనికి చేరింది. అప్పట్లో ఒక ముసలి బైండరుండేవాడు. మడత పెట్టడం, సూది పట్టడం ఆయనే నేర్పాడు. చేరిన కొత్తల్లో ఒకనాడు నాన్న ఇదే బైబిలు పట్టుకుని వచ్చాడు. "నీ మొదటి పని నాదే కావాలి. మధ్యలో కాగితాలు ఊడొస్తున్నాయి. కాస్త చూడమ్మా," అన్నాడు. వెళ్తూ గుమ్మం దగ్గర మళ్లీ ఆగి, "కాస్త చూసి కుట్టు," అన్నాడు.

ఆమె చూడలేదు. ఆ రోజుల్లో ఆమె దేన్నీ చూసేది కాదు, చేతులు చేసుకుపోయేవి. నాలుగు కాగితాలనూ ఒక బొత్తిలా పేర్చి, ఊడిపోతాయేమోనన్న భయంతో అంగుళం లోపలికి పక్కనుంచి సూది దింపి బిగించి కుట్టేసింది. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ చేసే తప్పే అది. కుట్టు గట్టిగానే ఉంటుంది గానీ కాగితం లోపలి అంచునంతా మింగేస్తుంది.

తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు నాన్న అక్కడికక్కడే మధ్యలో తెరిచి చూశాడు. బొటనవేలితో నొక్కి చూశాడు. పుస్తకం తెరుచుకోలేదు.

"గట్టిగా కుట్టావమ్మా," అన్నాడు.

"ఇంక ఎవరూ విప్పలేరు," అంది ఆమె.

నాన్న ఆమె మొహంలోకి కాసేపు చూసి, "సరేనమ్మా," అని పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇక ఇప్పటికి, అన్నయ్య వచ్చిన గురువారానికి వద్దాం. మధ్యాహ్నం భోజనం అయ్యాక బైండరమ్మ బైబిలును బల్ల మీద పడుకోబెట్టింది. అట్ట ఊడదీసింది. వెన్ను మీద పాత జిగురును తడిగుడ్డతో నానబెట్టి బద్దతో గీకింది. ఫారాలు, అంటే మడిచి కుట్టిన కాగితాల కట్టలు, ఒక్కొక్కటే విడిపోయాయి. మధ్య కాగితాల దగ్గరికి వచ్చేసరికి తన పాత కుట్టు కనిపించింది. ఎడాపెడా పడిన పెద్ద పెద్ద పోట్లు. ఈ పని ఇప్పుడు ఎవరైనా చేసి తెస్తే చీవాట్లు పెట్టేది. బ్లేడు కొనతో ఒక్కొక్క పోగే కోసి లాగింది. ఇరవై ఒక్క ఏళ్లుగా మూసి ఉన్న మడత విచ్చుకుంది.

లోపలి అంచు బయటపడింది. వెలుతురు తగలని కాగితం కదా, అక్కడ మాత్రం ఇంకా తెల్లగానే ఉంది. ఆ తెలుపు మీద, తన పేరున్న వరసకు పక్కగా, నిలువుగా ఒక రాత. నాన్న రాత. ఆఫీసు రిజిస్టరులో రాసే గుండ్రని అక్షరాలు. ఆమె కాగితాన్ని అడ్డంగా తిప్పి చదివింది.

"వీరి మొదటి బిడ్డ. ఆడపిల్ల. పంతొమ్మిది గంటలు."

పై వరసకూ కింది వరసకూ మధ్య చోటు లేదు. అవతలి అంచు తేదీలతో నిండిపోయింది. అందుకని లోపలి అంచులో నిలువుగా రాశాడు. పంతొమ్మిది అన్న మాట మీద మూడు రంధ్రాలున్నాయి, సూది దిగినవి. ఆమె వాటిని గోటితో తడిమి చూసుకుంది. సిరా ముందు, సూది తర్వాత. అంటే రాసిన తర్వాతే పుస్తకం తెచ్చి ఆమె చేతికిచ్చాడు. కాస్త చూడమ్మా అన్నది కుట్టు గురించి కాదు.

బైండరమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది. ఏమని రాయను అని ఆయన అడిగింది నిజంగానే అడిగాడు. జవాబు రాకపోతే తనే వెతుక్కున్నాడు. ఎక్కడ వెతుక్కున్నాడో కూడా ఆమెకిప్పుడు తెలిసింది. చిన్నప్పుడు మత్తయిలోని ఆ పేర్ల జాబితాలో దావీదు దగ్గర నాన్న వేలు ఆగేది. అక్కడొక ఆడమనిషిని ఊరియా భార్య అని మాత్రమే రాసి వదిలేశారు. ఆవిడకు పేరు లేదా నాన్నా అని ఆమె అడిగితే, "ఉంది, వేరే చోట రాశారు. ఇక్కడ రాయలేదు. పేరు రాయకపోయినా మనిషిని వదల్లేదు, చూశావా," అన్నాడు. ఆ వేలే ఇక్కడ రాసింది.

రాసి తెచ్చిస్తే ఆమె దాని మీదే కుట్టేసింది. ఎవరూ విప్పలేరు అంది. ఆయన అదే జవాబనుకున్నాడు. బిడ్డ ఊసెత్తడం అమ్మాయికి ఇష్టం లేదని, అందుకే సూదీ దారంతో మూసేసిందని అనుకున్నాడు. ఆ తర్వాత ప్రతి కూడికలోనూ ఆ వరస దగ్గరికి వచ్చి, చదవకూడని లైనును చదవలేక, కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఏం మనుషులండీ వీళ్లు. ఒక్క మాట అడిగితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా. ఆయన అడగలేదు, ఈవిడ చెప్పలేదు. ఇరవై రెండేళ్లు ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటూ కూర్చున్నారు. ఇప్పుడు చెప్పుకుందామంటే ఆయన లేడు.

బైండరమ్మకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది, రాలేదు. సరే, పని ఉంది కదా అని లేచింది.

అన్నయ్య తెచ్చిన అచ్చు కాగితాలను తీసి సొరుగులో పెట్టింది. ఖాళీగా ఉన్న దళసరి కాగితం ఒకటి కటింగ్ మిషను కింద పెట్టి రెండు వేళ్ల వెడల్పున పట్టీలు కోసింది. పాత కాగితాల్లో ఒక్కోదాని లోపలి అంచుకూ ఒక్కో పట్టీని పిండి జిగురుతో అతికించింది. ఇలా చేస్తే కుట్టు పట్టీకే పడుతుంది, కాగితం మొత్తం బయటికి వస్తుంది, పుస్తకం ఎక్కడ తెరిచినా చాపలా పరుచుకుంటుంది. పాత రంధ్రాలను పూడ్చలేదు. పూడ్చడం వచ్చు, కావాలనే వదిలేసింది.

సాయంత్రం ఇంటికి వెళ్లాక మొగుడితో చెప్పాలనుకుంది. ఆయన బట్టలకు గ్రీజు వాసన, చేతిలో టీ గ్లాసు.

"బైబిలు పని అయిపోయిందండీ," అంది.

"ఊఁ," అన్నాడు.

"పాత కాగితాలే పెట్టాను."

"మంచిది."

అక్కడితో మాట ఆగిపోయింది. ఈయనకు ఇంకా గుర్తుందో లేదో అనుకుంది. ఉన్నా లేకపోయినా ఇప్పుడు అడిగేదేముందని గ్లాసు తీసుకెళ్లి కడిగేసింది.

ఆదివారం అన్నయ్య ఇంటి హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ముప్పై మందిదాకా వచ్చారు. ప్రార్థన అయింది, పాట అయింది. అన్నయ్య లేచి, కొత్త అట్ట మీద చెయ్యి వేసి, గర్వంగానే తెరిచాడు. తెరిచి చూస్తే పాత కాగితాలు. మరకలతో సహా. మొహం చిన్నబోయింది. ముందు వరసలో కూర్చున్న చెల్లెలి వైపు వంగాడు.

"నా కాగితాలేవి?"

"వాడాను."

"ఎక్కడ?"

"చదువు అన్నయ్యా. అందరూ చూస్తున్నారు."

అన్నయ్య తాత తండ్రి పేరుతో మొదలుపెట్టాడు. ఆయన భార్య, వాళ్ల ఐదుగురు, ఆ ఐదుగురిలో చిన్నప్పుడే పోయిన ఇద్దరు. గొంతు నాన్నది కాదు గానీ వరస నాన్నదే. పుస్తకం రెండు వైపులకూ చదునుగా పరుచుకుని ఉంది. నొక్కి పట్టుకోవాల్సిన అవసరం లేక అన్నయ్యకు ఎడమచేత్తో ఏం చెయ్యాలో తోచలేదు. అలా తరాలు దిగుతూ దిగుతూ చెల్లెలి పేరు చదివాడు, బావ పేరు చదివాడు, పెళ్లి తేదీ చదివాడు.

చదివి ఆగాడు. జనం అలవాటు ప్రకారం దగ్గారు. వదిన చీర సర్దుకుంది. దగ్గులు అయిపోయాయి. అన్నయ్య ఇంకా ఆగే ఉన్నాడు. పుస్తకాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని అడ్డంగా తిప్పాడు. పెదాలు కదిలాయి. చెవుల చివర్లు ఎర్రబడ్డాయి. సంతానం లేదు అని అచ్చు వేయించిన మనిషి కదా మరి.

"ఏంటండీ?" అంది వదిన మెల్లగా.

అన్నయ్య చెల్లెలి వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"వీరి మొదటి బిడ్డ," చదివాడు అన్నయ్య. "ఆడపిల్ల. పంతొమ్మిది గంటలు."

నాన్న అక్కడ ఎందుకు ఆగేవాడో ఒక్కొక్కరికే తెలుస్తున్నట్టుంది. బైండరమ్మ ఒళ్లో పెట్టుకున్న చేతుల్నే చూసుకుంటూ కూర్చుంది. ఇంకా ఏమీ తగల్లేదు. ఇంతేనా అనుకుంది. ఇది కూడా అయిపోయింది అనుకుంది.

"ఇరవై నిమిషాలు కూడా."

పక్క కుర్చీలోంచి వచ్చింది ఆ మాట. మొగుడు తల ఎత్తలేదు. మోకాళ్ల మీద రెండు అరచేతులూ వెల్లకిలా పెట్టుకుని వాటికే చెబుతున్నాడు.

"ఏంటి బావా?" అన్నాడు అన్నయ్య.

"పంతొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. నాలుగూ పదికి పుట్టింది. మర్నాడు పదకొండున్నరకు పోయింది. గడియారం ఎదురుగానే ఉంది."

ఎండ ముదరకముందే పోయిందని ఆమె ఇన్నాళ్లూ అనుకుంటోంది. మత్తు మందులో ఉన్న మనిషికి ఎండేం తెలుస్తుంది. ఈయన ఆ గాజు పెట్టె దగ్గర నిలబడి గడియారం చూశాడు. చూసిన లెక్క ఇరవై రెండేళ్లు ఎవరికీ చెప్పకుండా మోశాడు. తిమ్మిరి వదిలేటప్పుడు చెయ్యి ముందు నొప్పెడుతుంది. బైండరమ్మకు అక్కడ మొదలైంది. ఏడుపు ముంచుకొచ్చింది. పక్కకు చెయ్యి చాపి, వెల్లకిలా ఉన్న ఆయన అరచేతిని పట్టుకుంది.

అన్నయ్య జేబులోంచి కలం తీశాడు. నాన్న తేదీ రాయడానికి తెచ్చుకున్న కలం అది. కాగితం పైకీ కిందికీ చూశాడు.

"బావ చెప్పింది ఎక్కడ రాయనమ్మా? చోటు లేదు."

"ఉంది. రాత పక్కన పట్టీ అతికించాను చూడు. నీ కాగితమే."

అన్నయ్య చూశాడు. రెండు వేళ్ల వెడల్పున లేత పసుపు పట్టీ, ఖాళీగా ఉంది. పుస్తకాన్ని బల్ల మీద అడ్డంగా తిప్పిపెట్టి వంగాడు. కలం ఆనించబోయి తల ఎత్తాడు.

"ఏమని రాయను?"

ఇదే ప్రశ్న. ఇరవై రెండేళ్ల కిందట ఆమె మంచం మీద ఉండగా నాన్న అడిగిన ప్రశ్నే. అప్పుడు ఆమె గోడ వైపు తిరిగింది. ఇప్పుడు ముప్పై మంది ముందు ఏడుస్తూ, మొగుడి చెయ్యి వదలకుండా, మాట మాటా విడివిడిగా చెప్పింది.

"ఇరవై నిమిషాలు అని రాయి అన్నయ్యా. వాళ్ల నాన్న చెప్పాడని రాయి."

అన్నయ్య రాశాడు. సిరా ఆరేదాకా ఎవరూ పేజీ తిప్పమనలేదు.